నడుము లోతు

చుక్కాని కర్రని మీరు వెళ్లాల్సిన వైపు కాదు,
దాని ఎదుటి వైపుకి తోయండి అంది మిర్తెల్.
పదిహేడేళ్ల పిల్ల. ఎండకి ముక్కు మీద తోలు లేచింది.
మా ఇద్దరి వయసూ కలిపితే ఆమెకి దాదాపు ఏడింతలు.

హెల్దుర్ చేతులు నమ్మలేదు.
ముప్పై ఏళ్లు హాప్సాలు నుంచి తాలిన్‌కి బస్సు తోలిన చేతులు,
ఎటు తిప్పితే రోడ్డు అటే వచ్చేది వాటికి.
కుడికి ఎడమ, ఎడమకి కుడి
అని గొణుక్కుంటూ రెల్లు పొదల్లోకి తీసుకుపోయాడు.
ఒక హంస తలెత్తి చూసి
పాపం అనుకుందో ఏమో, తప్పుకుంది.

నాకు తాడు ఇచ్చారు.
తాడు చివర తెరచాప, తెరచాప చివర గాలి.
గాలి కనపడదని ఎవరన్నారు?
నీళ్ల మీద నల్లగా ముడతలు వేసుకుంటూ వస్తుంది,
ఇస్త్రీ దుప్పటి మీద పిల్లి నడిచొచ్చినట్టు.
అది చేరేలోగా తాడు వదలాలా, లాగాలా?
వదులు, అంటాడు ఇతను.
లాగండి, అంటుంది మిర్తెల్ తన రబ్బరు పడవలోంచి.
చేపల ఫ్యాక్టరీలో పద్దులు రాసినదాన్ని,
రెండు సెంట్లు తేడా వస్తే నిద్రపట్టనిదాన్ని.
ఇక్కడ అన్నీ సుమారే.
గాలివాటం మనిషి అని మా అమ్మ నాన్నని తిట్టేది.
గాలివాటానికి ఇంత చదువు కావాలని ఇప్పుడే తెలిసింది.

ఈ తీరంలోనే పుట్టారు కదా, పడవెక్కడానికి ఇంత ఆలస్యమా
అని అడిగింది ఆ పిల్ల.
హెల్దుర్ నీళ్లు నమిలాడు.
మా చిన్నప్పుడు సముద్రం అంటే సరిహద్దు.
సాయంత్రమైతే సైనికులు ఇసుకని దంతెతో దువ్వేవారు,
తెల్లారి ఎవరి అడుగైనా పడిందేమో చూసుకోడానికి.
తాత పడవని నడిమికి కోసి పారేస్తే
ఒక సగంలో మామ్మ బంగాళదుంపలు పోసుకుంది.
రెండో సగం కోళ్లకి.
అదంతా మింగేసి
"తీరిక దొరకలేదమ్మా" అన్నాను.

నాలుగో పాఠం ఎదురుగాలి.
గాలి ముఖానికి నేరుగా ఏ పడవా పోదట.
అటు కొంచెం, ఇటు కొంచెం, వంకర్లు పోవాలి,
అప్పు అడగడానికొచ్చినవాడు ముందు వానల సంగతి ఎత్తినట్టు.
మలుపు దగ్గర తెరచాప కొయ్య ఊగి వస్తుంది, తల వంచాలి.
వంచాను. తాడు వదలడం మరిచాను.
హెల్దుర్ కర్రని బస్సు పద్ధతిలో తిప్పాడు.
ఆకాశం పక్కకి ఒరిగింది.

ఏం అరిచానో తెలీదు. తన పేరే అంటాడు.
లైఫ్ జాకెట్ గడ్డం దాకా పొంగి,
ఇంతే ఇక అనుకుని
నేను అతని చొక్కా పట్టుకున్నాను, అతను నా జుట్టు.

"నిలబడండి" అంది మిర్తెల్.
"ఏంటీ?"
"కాళ్ల మీద నిలబడండి. అక్కడ లోతు లేదు."

నిలబడ్డాం.
నాకు నడుము లోతు. అతనికి అదీ లేదు.
కాళ్ల కింద ఈ అఖాతం బురద, మెత్తగా, నల్లగా,
కీళ్ల నొప్పులకని జనం డబ్బిచ్చి పూయించుకునేది.
నవ్వు వెంటనే రాలేదు. ముందు పోట్లాట వచ్చింది,
తాడు గురించి, కర్ర గురించి,
పోయినేడు పెళ్లికి వెళ్తూ దారి తప్పిన సంగతి గురించి కూడా.
మిర్తెల్ అటు తిరిగి హంసల్ని లెక్కపెట్టుకుంది.

ఇద్దరం అడుగు పలక పట్టుకుని వేలాడితే
పడవ లేచింది,
తెరచాపలోని నీళ్లన్నీ మా నెత్తిన పోస్తూ.

అప్పుడు వెనక్కి చూశాను.
మేం తొక్కిన చోటల్లా బురద మబ్బుల్లా లేచి
మెల్లగా సర్దుకుంటోంది,
ఒక్క అడుగూ మిగల్చకుండా.
ఎవరివని అడగడానికి ఎవరూ రాలేదు.

"మళ్లీ ఎక్కుదామా?" అన్నాడు, పళ్లు టకటకలాడుతుంటే.
"కర్ర నాకివ్వు" అన్నాను.
ఇచ్చాడు. తాడు తీసుకున్నాడు.
కాసేపటికి నేనూ
ఆ రెల్లులోకే పోయాను.